మన బండి సంగతులు: గేరుబాక్సు ప్రక్కనుండి కాఱు నూనె

గోదావరీతీరమునుండి మన పాఠకురాలొకరు వ్రాసిన ఉత్తరమే ఈ మాసమునకు విషయమైనది. వారి యింట తొమ్మిదేండ్ల నాటి చిన్నకారు కలదు. చేతితో గేరులు మార్చునట్టిది. వారమునకు రెండుమాఱులు అత్తగారిని డయాలిసిస్ చికిత్సకై ఆసుపత్రికి కొనిపోవునది ఆ సోదరియే, ఆ కారులోనే. కొన్నాళ్లుగా బండి నిలుపుచోట, ఎడమవైపు ముందుచక్రమునకు సమీపమున, నేలపై నూనెమఱక కనబడుచున్నదట. మెకానిక్కు ఒకమాఱు తొంగిచూచి, "గేరుబాక్సు దింపి మొత్తము విప్పవలెనమ్మా" అని పెద్ద మొత్తము చెప్పినాడు. అంత ధనము వారియొద్ద ఉన్నది గాని, అది కుమార్తె కళాశాల రుసుమునకై దాచినది. మఱదిగారు మాత్రము "రెండు చుక్కలకు ఇంత గాభరా యేల వదినా? తిరిగినన్నాళ్లు తిరుగనీయండి" అనుచున్నారు. ఇరువురిలో ఎవరి మాట వినవలెనని ఆ సోదరి ప్రశ్న.

ఇప్పటికి ఎవరి మాటయు వినవలదు. నూనె ఎచ్చట పుట్టుచున్నదో ఆ యిరువురిలో ఒక్కరైనను చూడలేదు. పుట్టుచోటు తెలియకయే వ్యయము చెప్పుట నాడి చూడక మందిచ్చుట వంటిది. ఆ చోటునుబట్టి ఈ మరమ్మతు కొన్ని వందల రూపాయల రబ్బరు వలయముతో తీఱవచ్చును. ఒక ప్లగ్గును బిగించుటతోనే ముగియవచ్చును. గేరుబాక్సును నిజముగనే దింపవలసియు రావచ్చును. చూచుట మాత్రము ఇంటియొద్దనే చేయదగిన పని. దానికి కావలసినవి వెడల్పైన అట్ట, టార్చిలైటు, పాతగుడ్డ, ముఖమునకు రాచుకొను పౌడరు కొంచెము.

ఆడువారు బండిక్రింద చూచుటేమి యను పెద్దలు ఇంట నున్నచో, వారికి బెర్తా బెంజ్ కథ వినిపింపుడు. 1888 ఆగస్టులో జర్మనీదేశమున ఆమె తన భర్తయైన కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారుబండిపై, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగ చెప్పకయే మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వఱకు ప్రయాణించినది. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీకి గుచ్చుకొను సూదితో దానిని పొడిచి బాగుచేసికొన్నది. మోటారుబండిపై తొలి దూరప్రయాణము చేసినదియు, దారిలో తొలి మరమ్మతు చేసినదియు ఒక గృహిణియే.

ఇక బండి నిర్మాణమును కొంచెము తెలిసికొందము. పూర్వపు అంబాసిడరు కారులో ఇంజను బలము పొడవైన కడ్డీ ద్వారా వెనుకకు పోయి వెనుక చక్రములను త్రిప్పెడిది. ఆ కారును చేయుట 2014లో నిలిచిపోయినది. 1983లో వచ్చిన మారుతి 800 మొదలుకొని మన చిన్నకార్లలో చాలవఱకు ముందుచక్రములే బండిని లాగును. వీనిలో ఇంజను అడ్డముగ అమర్పబడి యుండును. దానిని ఆనుకొని గేరుబాక్సు. అందుండి ఇరుప్రక్కలకు రెండు కడ్డీలు వెడలి ముందుచక్రములను త్రిప్పును. వీనికే డ్రైవ్ షాఫ్టులని పేరు. చేతిగేరుల చిన్నకారులో గేరుబాక్సు లోపల సుమారు రెండు లీటర్ల నూనె యుండును. కడ్డీ తిరుగుచునే బయటికి రావలెను, నూనె మాత్రము రారాదు. ఈ చిక్కును తీర్చునది ఆయిల్ సీలు అను రబ్బరు వలయము.

కుక్కరు మూతలోని రబ్బరు వలయమును మీ రెఱుగుదురు. అది కదలని మూతను కాచును. ఆయిల్ సీలు పని అంతకంటె కష్టము, ఏలయన నిమిషమునకు వందలమాఱులు తిరుగు ఉక్కును తాకియుండియు ఇది నూనెను ఆపవలెను. దీని లోపలి యంచు పెదవివలె పలుచగ నుండి కడ్డీని ఆనుకొనును. ఆ పెదవి సడలకుండ దాని వెనుక సన్నని స్ప్రింగు చుట్టబడి యుండును. వేడికిని, ఏండ్లకును రబ్బరు గట్టిపడి పెదవి పగిలినను, స్ప్రింగు తన స్థానమునుండి జాఱినను నూనె ఊఱుట ప్రారంభమగును. తొమ్మిదేండ్ల బండికి ఇది వింత కాదు.

కాని నేలమీదిది గేరునూనెయే యని మనకెట్లు తెలియును? రాత్రి బండిని చదునైన నేలపై నిలిపి, ముందుభాగము క్రింద అట్టను పఱచుడు. చక్రము లెచ్చట నున్నవో, బండి ముఖము ఏ దిక్కుననో అట్టపై పెన్సిలుతో గుర్తు పెట్టుకొనుడు. ఉదయము చుక్కలు పడిన చోటును, రంగును, వాసనను చూడుడు. వేసవిలో ఏసీ వేసికొని వచ్చిన బండిక్రింద స్వచ్ఛమైన నీరు కాఱుట సహజము. ఆ నీటిని చూచి బెదరి షెడ్డునకు పరుగెత్తినవారును కలరు. ఇంజనును చల్లపఱచు కూలెంటు ఆకుపచ్చగనో, ఎఱ్ఱగనో, గులాబిరంగుననో నీటివలె పలుచగ నుండి కొంచెము తీపివాసన కొట్టును. అది విషము, పసిపిల్లలను, పెంపుడు కుక్కపిల్లలను దానిదరికి పోనీయరాదు. ఇంజనునూనె వాడినకొలది నల్లబడును. చక్రము లోపలివైపున పలుచగ, లేతపసుపురంగున జాఱుచున్నది బ్రేకునూనె కావచ్చును. ఆ యనుమానము కలిగినచో బండిని అడుగైనను కదపక మెకానిక్కునే ఇంటికి పిలిపింపుడు.

చేతిగేరుల బండిలోని గేరునూనె వీనన్నిటికంటె చిక్కగ, తేనెరంగున నుండును. వ్రేళ్లమధ్య జిడ్డుగ సాగును. దాని ముఖ్యలక్షణము వాసన. గేరుపండ్లు ఒకదాని నొకటి గట్టిగ ఒత్తుకొనునపుడు లోహము అంటుకొనకుండుటకై ఈ నూనెలో గంధకము గల ద్రవ్యములను కలుపుదురు. ఆ ఘాటు ఒకమాఱు ముక్కున కెక్కినచో మఱల మఱచుట లేదు. తమంతట తామే గేరులు మార్చుకొను ఆటోమాటిక్కు బండ్లలో వాడు నూనె పలుచన. తఱచుగ కొత్తలో ఎఱ్ఱగ నుండి కాలక్రమమున గోధుమరంగునకు తిరుగును. అయితే స్టీరింగునకు వాడు నూనెయు కొన్ని బండ్లలో ఎఱ్ఱనిదే. ఆటోమాటిక్కు నూనెలలో వేఱు రంగులవియు కలవు. కనుక రంగు ఒక్కదానినే నమ్మరాదు, చుక్క పడిన చోటును కూడ చూడవలెను.

ఇంకొక పొరపాటునకు తావున్నది. డ్రైవ్ షాఫ్టు రెండు కొనలయందును కీళ్లున్నవి. వానికి మడతల రబ్బరు తొడుగులు, లోపల దట్టముగ గ్రీజు ఉండును. తొడుగు చిరిగినచో గ్రీజు చుక్కగ నేలపై పడదు. తిరుగుచున్న కడ్డీనుండి విసరబడి చక్రము లోపలి యంచున, చుట్టుప్రక్కల, నల్లని ముద్దలుగ అంటుకొనును. ఇది గేరునూనె కాఱుట కాదు. వెంటనే తొడుగు మార్పించి గ్రీజు నింపించినచో అల్పవ్యయముతో పోవును. ఉపేక్షించినచో దుమ్ము లోపలికి చేఱి కీలు పాడగును. మలుపు తిరుగునపుడు టకటకమను శబ్దము వినవచ్చుచున్నచో అప్పటికే ఆలస్యమైనదని తెలియుడు.

ఇప్పుడు పుట్టుచోటు. పెంకుటిండ్లలో పెరిగినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. పెంకు పగిలిన దొకచోట. నీరు వాసము వెంబడి జాఱి గదిలో పడున దింకొకచోట. బండిక్రింద నూనెయు నంతే. పైనుండి క్రిందికి దిగుట యొకటి, పరుగున గాలికి వెనుకకు ప్రాకుట యొకటి. కావున తడిసిన చోటులలో మిక్కిలి పైదియు, మిక్కిలి ముందుదియు ఏదో అదియే అనుమానింపదగిన చోటు. బండి చల్లాఱిన తరువాత, చేతిబ్రేకు వేసి, గేరులో నుంచి, వెనుకచక్రములకు ఇటుకలు అడ్డుపెట్టి, ముందుచక్రములను ఒక ప్రక్కకు పూర్తిగ త్రిప్పుడు. చక్రము వెనుకనుండి టార్చి వేసి చూచినచో డ్రైవ్ షాఫ్టు గేరుబాక్సులో దూఱు చోటు చాల కార్లలో కనబడును. జాకీపై మాత్రమే నిలిచిన బండిక్రింద తలగాని, చేయిగాని ఎట్టి పరిస్థితిలోను పెట్టరాదు. జాకీ చక్రము మార్చుటకే గాని మనిషి ప్రాణమును మోయుటకు కాదు.

పాతమురికిలో కొత్తచుక్క తెలియదు. అందువలన ఆ ప్రదేశమును మెకానిక్కుచేత శుభ్రముగ తుడిపించి, ఆఱిన తరువాత కడ్డీ చుట్టును, గేరుబాక్సు అతుకులపైనను పౌడరు పలుచగ చల్లింపుడు. పది కిలోమీటర్లు నడిపి వచ్చి చూడుడు. తెల్లని పౌడరుపై నూనె పుట్టినచోట తడిచాఱ స్పష్టముగ తేలును. చాఱ కడ్డీ చుట్టునుండి దిగినదా, దోషము డ్రైవ్ షాఫ్టు సీలుది. గేరుబాక్సు అడుగున నూనెను తీయు ప్లగ్గునుండి వచ్చినదా, దాని క్రింది వలయమును మార్చి బిగించినచో సరి. ఇంతకంటె చవుకమరమ్మతు లేదు. ఇంజనును గేరుబాక్సును కలిసిన అతుకు అడుగునుండి చుక్క వ్రేలాడుచున్నదా, అప్పుడు దోషము లోపలి సీళ్లలో నుండవచ్చును. ఆ సీళ్లను చేరవలెనన్న గేరుబాక్సును దింపక తప్పదు. మన సోదరియొక్క మెకానిక్కు చెప్పినది ఈ మూడవదియైనచో అతడు అన్యాయము పలుకలేదు. అప్పటికిని దింపుట వేఱు, లోపలి గేరులన్నిటిని విప్పుట వేఱు. గేరులు సాఫీగ పడుచు, లోపల శబ్దము లేనపుడు "మొత్తము విప్పుట" యెందులకో అతడు కారణము చెప్పవలెను.

సీలుదే దోషమని తేలినను, అది ఏల చెడినదని మఱియొక ప్రశ్న వేయుడు. కొత్తసీలు వేసిన మూడు నెలలకే మఱల కాఱిన బండ్లన్నిట ఈ ప్రశ్న విడువబడినదే. వయసుచేత చెడిన సీలునకు కొత్తసీలే మందు. కాని గేరుబాక్సునకు ఊపిరితిత్తి వంటి చిన్నరంధ్ర మొకటి పైభాగమున నుండును. లోపలి గాలి వేడికి వ్యాకోచించినపుడు అందుండి బయటికి పోవును. అది మట్టితో పూడినచో గాలి ఒత్తిడి నూనెను సీలుపైకి త్రోయును. నూనె మితిమీరి పోసినను కాఱవచ్చును. సీలు పెదవి ఆనుచోట కడ్డీపై సన్నని గాడి పడియున్నచో ఎంత కొత్తసీలైనను అచ్చట ఆనదు. లోపలి బేరింగు అఱిగి కడ్డీ ఎగిరిపడుచున్నను అంతే. ఈ కడపటిదానిని పట్టుటకు గేరుబాక్సు దగ్గఱ కడ్డీని పట్టుకొని పైకి క్రిందికి కదపి, రెండవవైపు కడ్డీతో పోల్చవలెను. కొంచెము కదలిక సహజమే. ఒకవైపు మాత్రము స్పష్టముగ ఎక్కువయైనచో బేరింగును చూడవలసినదే. ఇటీవల క్లచ్చిప్లేట్లు మార్పించియున్నచో ఆ సంగతిని తప్పక చెప్పుడు. ఆ పనిలో కడ్డీని తీసి మఱల దూర్చునపుడు దాని పండ్లు తగిలి సీలుపెదవి కోసికొనిపోవుట కలదు.

మఱదిగారి మాటకు వత్తము. అట్టపై రాత్రికి నాలుగైదు చుక్కలు పడినచో అది ఒక మిల్లీలీటరైనను కాదు. ఆ లెక్కన రెండు లీటర్లు తఱుగుటకు ఏండ్లు పట్టునని వారి తర్కము. తర్కము బాగున్నది గాని అట్ట చూపునది నిలిచిన బండి లెక్కయే. బండి నడుచునపుడు నూనె వేడెక్కి పలుచబడును, గేరులు దానిని చిలికి సీలుపైకి చిమ్మును, కడ్డీ తిరుగుచుండును. అప్పుడు కాఱునది ఎంతయో యెక్కువ; అదంతయు గాలికి కొట్టుకొనిపోయి దారిపాలగును గాని మన అట్టపైకి రాదు. పైగా చేతిగేరుల బాక్సులలో పెక్కింటికి నూనెమట్టము చూచు పుల్ల లేదు, తఱిగినదని చెప్పు ఎఱ్ఱదీపమును లేదు. తఱిగిన సంగతి గేరులు అఱచినప్పుడు గాని తెలియదు. అప్పటికి మెకానిక్కు చెప్పిన పెద్దమొత్తము నిజమై కూర్చుండును. ఆటోమాటిక్కు బండ్లలో ఇంకను తొందర యెక్కువ. అందు నూనె గేరులను తడుపుటయే గాక వానిని పట్టించుపని కూడ చేయును. మట్టము తగ్గినచో గేరు ఆలస్యముగ పట్టుట, జాఱుట, వేడెక్కుట ప్రారంభమగును.

ఇక మరమ్మతు. ఇది ఇంటిలో చేసికొను పని కాదు. నేర్పరియైన మెకానిక్కునకు ఒకపూట పని. అయినను దగ్గఱనుండి చూచుటకు మీకు హక్కు కలదు, చూడదగిన ఘట్టములును కలవు. నూనెను దింపుటకు ముందు, నూనె పోయు ప్లగ్గు ఊడునో లేదో చూడుమనుడు. ఏండ్లతరబడి తీయని ఆ ప్లగ్గు బిగిసిపోయియున్నచో, నూనె దింపిన బండి కొత్తనూనె పోయుటకు దారిలేక షెడ్డులోనే కూర్చుండును. పిమ్మట చక్రము, చక్రపు మధ్యనట్టు, క్రిందికీలు విప్పి కడ్డీని వెలికి తీయుదురు. గేరుబాక్సు దగ్గఱ కీలును మీటి తీయవలెను గాని, చక్రమువైపునుండి కడ్డీని పట్టి గుంజరాదు. గుంజినచో లోపలికీలు విడిపోవును. పాతసీలును పెఱికునపుడు అది కూర్చుండు గూటికి గీత పడకుండవలెను. పాతసీలును మీచేతి కిమ్మని అడుగుడు. పెదవి గట్టిపడినదో, కోసికొనిపోయినదో చూచినచో కారణము తేటపడును. కడ్డీపై గోటిని ప్రాకించి చూడుడు. గోరు తట్టుకొనినచో గాడి పడినట్లు.

కొత్తసీలు కుడియెడమలకు వేఱువేఱు కావచ్చును గనుక బండి చాసిస్ నంబరు చెప్పి తెప్పించుట మేలు. దాని స్ప్రింగువైపు నూనెవైపునకు, అనగా లోపలికి తిరిగియుండవలెను. పెదవికి కొంచెము నూనె రాచి, సీలంత వెడల్పుగల గొట్టమును ఆనించి చుట్టును సమముగ తట్టవలెను. సుత్తితో ఒకమూల కొట్టి, పిదప ఇంకొకమూల కొట్టి దించు మెకానిక్కును అచ్చటనే ఆపుడు. వంకరగ కూర్చున్న సీలు మొదటినాడే కాఱును. కడ్డీకొనయందలి ఇనుపవలయమును, చక్రపు మధ్యనట్టును కొత్తవి వేయించుడు. వాని వెల స్వల్పము.

నూనె విషయమున మాత్రము షెడ్డులో డబ్బా యేదున్న నది పోయనీయరాదు. బండితో ఇచ్చిన పుస్తకములో ఏ నూనెయో వ్రాసియుండును. జీఎల్-4 అని యున్నచోట జీఎల్-5 మేలురకమని చెప్పి పోయువారు కలరు. అంకె పెద్దదైనంతమాత్రమున మేలు కాదు. అందలి గంధకద్రవ్యముల మోతాదు ఎక్కువగుటచే గేరులను కలుపు ఇత్తడివలయములకు హాని కలుగవచ్చును. చాల గేరుబాక్సులలో, చదునునేలపై నిలిచిన బండికి పోయు రంధ్రము అంచువఱకు నూనె రావలెను, అంతకు మించరాదు. నూనె కాఱుట మాన్పునని సీసాలలో అమ్ము మందులు ముసలిరబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు మాత్రము ఆపును; గాడిని పూడ్చలేవు, బేరింగును బాగుచేయలేవు. వానికి పెట్టు ధనముతో సీలే వచ్చును.

కావున గోదావరీతీర సోదరి చేయవలసినది: ఈ వారమే నూనెమట్టమును చూపించి, తఱిగినచో నింపించుకొనవలెను. అప్పుడు ఆసుపత్రి ప్రయాణములు ఆగవు. తరువాత అట్ట, పౌడరు పరీక్షలు. తడిచాఱ కడ్డీ చుట్టున నున్నచో సీలు మార్పించుట. అతుకునుండి వచ్చుచున్నదని మెకానిక్కు అన్నచో ఆ తడిని తమ కన్నులకు చూపుమని, వీలైన ఇంకొక షెడ్డులో కూడ చూపి, ఆ పిమ్మటనే గేరుబాక్సు దింపుటకు ఒప్పుకొనవలెను. పని ముగిసిన వారమునకు అట్టను మఱల పఱచి చూడవలెను. మొదటి రెండుదినములు అక్కడక్కడ మిగిలిన పాతనూనె ఒకటి రెండు చుక్కలు రాలవచ్చును, దానికి కలతపడవలదు.

బొలేరో వంటి వెనుకచక్రముల బండ్లు గల సోదరీమణులకు ఒక్కమాట. మీ బండిలో గేరుబాక్సు వెనుకకొనయందు, పొడవైన కడ్డీ బయలుదేఱు చోట, ఇట్టి సీలే కలదు. మీ అట్టను ముందుచక్రముల నడుమ గాక బండి నడుభాగము క్రింద పఱచుకొనుడు.